పాత ల్యాప్‌టాప్‌కు ఏ ఓఎస్? తీసివేత లెక్కతో తేలే సంగతి

కోర్ ఐ3-5005యూ. 2015లో వచ్చిన ఈ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లు మన ఇళ్లలో ఇంకా బోలెడున్నాయి. ఇంజినీరింగ్ సీటు వచ్చిన ఏడాది పిల్లలకు కొనిచ్చినవి కొన్ని, చిన్న ఆఫీసుల్లో బిల్లులు కొట్టడానికి తెచ్చినవి కొన్ని. రెండు కోర్లు, 2 గిగాహెర్ట్జ్ వేగం, 4 జీబీ ర్యామ్, నిమిషానికి 5400 చుట్లు తిరిగే 500 జీబీ హార్డ్ డిస్క్. ఇవాళ ఆన్ చేస్తే విండోస్ 10 తెర కనిపించాక కూడా చాలాసేపు మౌస్ బాణం పక్కన ఆ నీలం చక్రం తిరుగుతూనే ఉంటుంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ గడిలో 100 శాతం అని ఎర్రగా కనిపిస్తుంది.

ఆ విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. ఇళ్లలో వాడేవాళ్లు పొడిగింపు పథకంలో చేరితే భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబరు 13 దాకా వస్తాయి. విండోస్ 11కు మారదామంటే ఇంటెల్‌లో దాదాపు 8వ తరం ప్రాసెసర్ నుంచే అనుమతి. దానికి తోడు టీపీఎం 2.0 చిప్, సెక్యూర్ బూట్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్క్ కావాలి. మన ఐ3-5005యూ 5వ తరానిది. యంత్రం బాగానే పనిచేస్తున్నా దానికి తోవ మూసుకుపోయింది.

ఇక్కడే చాలామంది లైనక్స్ వైపు చూస్తారు. చూడగానే ‘అత్యంత తేలికైన ఓఎస్’ పోటీలో ఇరుక్కుంటారు. ఒకటి 250 ఎంబీతో లేస్తుందంటారు, ఇంకోటి 50 ఎంబీ చాలంటుంది. అన్నింటికన్నా చిన్న అంకె ఉన్నదాన్ని ఎంచుకుని వారం తిరక్కుండానే విసుగెత్తి వదిలేస్తారు. నా మాట ఏమిటంటే, చూడాల్సిన అంకెలు మూడు: ఓఎస్ తినగా బ్రౌజర్‌కు మిగిలే మెమరీ ఎంత, డిస్క్ సెకనుకు ఎన్నిసార్లు వెతికి తేగలదు, భద్రతా అప్‌డేట్లు ఏ ఏడాది దాకా వస్తాయి. ఈ మూడూ తేలితే ఓఎస్ పేరు దానంతటదే తేలుతుంది.

ముందు మీ యంత్రం సంగతి

విండోస్ ఉండగానే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరవండి. ‘సిస్టమ్ టైప్’ అన్న వరుసలో రెండు ముక్కలుంటాయి. మొదటిది ఓఎస్ గురించి, రెండోది ప్రాసెసర్ గురించి. ‘32-బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64-బేస్డ్ ప్రాసెసర్’ అని ఉంటే మీ ప్రాసెసర్ 64-బిట్‌దే. అమ్మినవాళ్లో, రిపేరు చేసినవాళ్లో 32-బిట్ విండోస్ ఎక్కించారంతే. ఈ ఒక్క వరుస సరిగా చదవక, కోర్ 2 డ్యుయో ఉన్న మంచి యంత్రాలను కూడా 32-బిట్ కింద జమకట్టి పక్కన పడేసినవాళ్లు ఉన్నారు.

నిజంగానే 32-బిట్ అయినవి ఏవంటే పెంటియం ఎం, 2006 నాటి మొదటి కోర్ డ్యుయో, 2008లో నెట్‌బుక్‌ల వెల్లువ తెచ్చిన ఆటమ్ ఎన్270 లాంటివి. ఎన్270 ఒకే కోర్‌తో 1.6 గిగాహెర్ట్జ్ వేగంతో, కేవలం 2.5 వాట్ల లెక్కన తయారైంది. దాని తర్వాత 2010లో వచ్చిన ఎన్450 మాత్రం 64-బిట్‌దే. అయితే 2 జీబీకి మించి ర్యామ్ పట్టదు.

టాస్క్ మేనేజర్‌లోని పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో ర్యామ్ ఎంతుందో, ఎన్ని స్లాట్లలో ఎన్ని నిండాయో, డిస్క్ హెచ్‌డీడీనో ఎస్ఎస్‌డీనో కనిపిస్తుంది. ఇవి ఒక కాగితం మీద రాసుకోండి. మిగతా లెక్కంతా వీటితోనే.

తీసివేత

4 జీబీ ర్యామ్‌లో కొంత భాగాన్ని గ్రాఫిక్స్ తీసుకుంటుంది. ఓఎస్‌కు కనిపించేది సుమారు 3.7 జీబీ. అప్పుడే ఆన్ చేసి, ఏ ప్రోగ్రామూ తెరవకముందు ఒక్కో ఓఎస్ పట్టే చోటు చూద్దాం. వెర్షన్‌ను బట్టి, కొలిచే పద్ధతిని బట్టి వంద, నూటయాభై ఎంబీ అటూఇటూ అవుతాయి గానీ వరుస మారదు. విండోస్ 10 సుమారు 1.8 జీబీ. గ్నోమ్ డెస్క్‌టాప్ ఉన్న ఉబుంటు 1.2. ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో లైనక్స్ మింట్ 0.8. ఎల్ఎక్స్‌క్యూటీతో డెబియన్ 0.5. ఐస్‌డబ్ల్యూఎం అనే చిన్న విండో మేనేజర్‌తో నడిచే యాంటీఎక్స్ 0.25.

ఇప్పుడు తీసేయండి. విండోస్ 10 మీద బ్రౌజర్‌కు మిగిలేది 1.9 జీబీ. మింట్ మీద 2.9. యాంటీఎక్స్ మీద 3.45. విండోస్‌కూ మింట్‌కూ మధ్య ఒక జీబీ తేడా ఉంది. మింట్‌కూ యాంటీఎక్స్‌కూ మధ్య అరజీబీ చిల్లర.

ఆ అరజీబీ విలువెంత? ఫైర్‌ఫాక్స్ ఖాళీ ట్యాబ్‌తో తెరిస్తేనే 400, 500 ఎంబీ పడుతుంది. ఈమెయిల్ ట్యాబ్ 200 నుంచి 400, ప్రకటనలు నిండిన వార్తల సైట్ 200 నుంచి 300, యూట్యూబ్ 300 నుంచి 500. నాలుగు ట్యాబ్‌లు తెరిచామంటే ఒకటిన్నర జీబీ అటూఇటూ. అంటే 4 జీబీ యంత్రంలో మింట్‌కు బదులు యాంటీఎక్స్ పెట్టుకుంటే దక్కేది మరో రెండు ట్యాబ్‌లు. దానికోసం వైఫై పేరు నొక్కితే కలిసిపోవడం, ప్రింటర్ తగిలిస్తే దానంతటదే గుర్తుపట్టడం, అప్‌డేట్ ఉందని మూలన చిన్న గుర్తు కనిపించడం లాంటి సుఖాల్లో కొన్ని తగ్గించుకోవాలి. నా దృష్టిలో అది నష్టపు బేరం.

అదే లెక్క 2 జీబీ యంత్రంలో వేయండి. కనిపించేది 1.8. విండోస్ 10కి మిగిలేది సున్నా. మింట్‌కు 1.0. ఎల్ఎక్స్‌క్యూటీ డెబియన్‌కు 1.3. యాంటీఎక్స్‌కు 1.55. ఇక్కడ అరజీబీ అంటే నాలుగు ట్యాబ్‌లు సాఫీగా నడవడానికీ, మూడో ట్యాబ్‌కే యంత్రం బిగుసుకుపోవడానికీ మధ్య తేడా. 1 జీబీలో అయితే మింట్‌కు మిగిలేది 150 ఎంబీ, అందులో బ్రౌజర్ లేవనే లేవదు. యాంటీఎక్స్‌కు 700 ఎంబీ మిగులుతుంది. ఒకటి రెండు ట్యాబ్‌లతో సర్దుకుపోవచ్చు.

కనక తేలికైన ఓఎస్ గొప్పతనం ర్యామ్ తగ్గేకొద్దీ పెరుగుతుంది. 4 జీబీ దాటితే ఆ తేడా దాదాపు పట్టించుకోనక్కర్లేనిది.

ఈ కొలత మీరే వేసి చూడాలనుకుంటే ఒక జాగ్రత్త. లైనక్స్‌లో టెర్మినల్ తెరిచి ‘ఫ్రీ’ అన్న కమాండ్ ఇస్తే ఒక వరుసలో అంకెలు వస్తాయి. మింట్ ఎక్కించిన 4 జీబీ యంత్రంలో కాసేపు పనిచేసి, అన్నీ మూసేసి చూస్తే మొత్తం 3.7, వాడినది 0.8, ‘ఫ్రీ’ గడిలో 0.4, చిట్టచివర ‘అవైలబుల్’ గడిలో 2.9 కనిపించవచ్చు. కొత్తవాళ్లు 0.4 చూసి గాభరా పడతారు. మూడు జీబీలు ఎవరు మింగారని వెతుకుతారు. ఎవరూ మింగలేదు. ఖాళీగా పడి ఉన్న ర్యామ్‌లో లైనక్స్ ఇంతకుముందు డిస్క్ నుంచి చదివిన ఫైళ్ల నకళ్లు ఉంచుకుంటుంది, మళ్లీ అడిగితే వెంటనే ఇవ్వడానికి. ఏ ప్రోగ్రామ్‌కైనా చోటు కావాలంటే ఆ నకళ్లను చటుక్కున తీసేస్తుంది. చూడాల్సింది చివరి గడి.

సెకనుకు 57

మెమరీ గురించి మాట్లాడినంతగా డిస్క్ గురించి ఎవరూ మాట్లాడరు. అసలు జబ్బు సాధారణంగా అక్కడే ఉంటుంది.

5400 చుట్ల డిస్క్ ఒక చుట్టు తిరగడానికి పట్టే సమయం 60ని 5400తో భాగిస్తే వచ్చే 11.1 మిల్లీసెకన్లు. మనకు కావలసిన సమాచారం తల కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే 5.6 మిల్లీసెకన్లు ఆగాలి. దానికి ముందు ఆ తల సరైన వలయం మీదికి జరగడానికి మరో 12 మిల్లీసెకన్లు. మొత్తం 17.6. వెయ్యిని దానితో భాగిస్తే 57. చెల్లాచెదురుగా ఉన్న సమాచారాన్ని ఈ డిస్క్ సెకనుకు 57 సార్లు మాత్రమే తేగలదు. ఒక్కోసారి తెచ్చేది 4 కేబీ అనుకుంటే సెకనుకు 228 కేబీ. వరుసగా ఉన్న పెద్ద సినిమా ఫైలును సెకనుకు వంద ఎంబీ దాకా చదివే డిస్కే ఇది! చిల్లర పనుల దగ్గరికి వచ్చేసరికి, ఒక్కో సరుక్కీ విడిగా కొట్టుదాకా నడిచి వచ్చే మనిషి అయిపోతుంది.

ఓఎస్ బూట్ అవడం, బ్రౌజర్ తెరుచుకోవడం అంతా ఇలాంటి చిల్లర పనుల కుప్పే. పదివేల చిన్న రీడ్‌లు ఉన్నాయనుకోండి. 5400 చుట్ల డిస్క్‌కు 176 సెకన్లు, అంటే దాదాపు మూడు నిమిషాలు. ఒక్కో రీడ్‌కు 0.1 మిల్లీసెకను తీసుకునే సాదాసీదా సాటా ఎస్ఎస్‌డీకి ఒక సెకను.

ర్యామ్ నిండిపోయినప్పుడు ఇదే లెక్క ప్రాణం మీదికి వస్తుంది. చోటు చాలక ఓఎస్ కొన్ని పేజీలను డిస్క్ మీది స్వాప్‌లోకి తోసేస్తుంది. మీరు పాత ట్యాబ్ మీద నొక్కగానే వాటిని వెనక్కి తేవాలి. 100 ఎంబీ వెనక్కి తేవాలంటే 4 కేబీ పేజీలు 25,600. అన్నీ చెల్లాచెదురుగా ఉంటే, సెకనుకు 57 చొప్పున ఏడున్నర నిమిషాలు. లైనక్స్ పక్కపక్క పేజీలను కలిపి చదువుతుంది కాబట్టి నిజంగా అంత పట్టదు. అయినా మౌస్ కదలకుండా, హార్డ్ డిస్క్ లైటు ఆరకుండా వెలిగే ఆ నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయో ఈ లెక్క చెబుతోంది. ఎస్ఎస్‌డీ మీద అదే పని రెండున్నర సెకన్లు.

అందుకే నన్నడిగితే ఓఎస్ సంగతి తర్వాత, ముందు ఎస్ఎస్‌డీ అంటాను. 240 జీబీది చాలు. యంత్రంలో పాత సాటా-2 ఉండి సెకనుకు 300 ఎంబీకి మించి పోకపోయినా ఫర్వాలేదు, మనకు కావలసింది ఆ 0.1 మిల్లీసెకనే. ఆ తర్వాత ర్యామ్. ఐ3-5005యూ తరం యంత్రాల్లో ఎక్కువగా డీడీఆర్3ఎల్ రకం పడుతుంది. అది 1.35 వోల్టులది, మామూలు డీడీఆర్3 1.5 వోల్టులది. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కొనేటప్పుడు చిట్టీ మీద ‘ఎల్’ ఉందో లేదో చూసుకోండి. డీడీఆర్3 కాలం వెళ్లిపోయింది కాబట్టి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల సెకండ్ హ్యాండ్‌లో వెతకడం మేలు. మీ ర్యామ్ ముక్కను ఊడదీసి చేత్తో పట్టుకెళ్లి, సరిగ్గా అలాంటిదే అడగండి.

పాత హార్డ్ డిస్క్‌తోనే నెట్టుకొస్తామంటే ఒక్క పరీక్ష చేయించండి. డిస్క్‌ల యుటిలిటీలో స్మార్ట్ రిపోర్టు తెరిచి ‘రీఅలొకేటెడ్ సెక్టార్ కౌంట్’ చూడండి. అది సున్నా కాకుండా, వారం వారం పెరుగుతుంటే ఆ డిస్క్ చావుకు దగ్గరపడినట్టే. ఫొటోలు ఆ రోజే వేరేచోటికి మార్చండి.

ఎంత ఉంటే ఏది

4 జీబీ, 64-బిట్, ఎస్ఎస్‌డీ ఉంటే లైనక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ. వేరే ఆలోచన అక్కర్లేదు. మింట్ స్వయంగా అడిగేది కనీసం 2 జీబీ ర్యామ్, హాయిగా ఉండాలంటే 4 జీబీ. డిస్క్ మీద కనీసం 20 జీబీ. ఉబుంటు 24.04 ఆధారంగా వచ్చిన మింట్ 22 వరుసకు అప్‌డేట్లు 2029 దాకా వస్తాయి. కింద ఎడమ మూల మెనూ, కుడిమూల గడియారం. విండోస్ 7 అలవాటున్న పెద్దవాళ్లు పూటలో అలవాటు పడతారు.

ఇక్కడ లుబుంటు పేరు చెప్పేవాళ్లు ఉంటారు. మంచిదే, ఎల్ఎక్స్‌క్యూటీ డెస్క్‌టాప్‌తో మింట్ కన్నా తేలిక. అయితే ఉబుంటుకు ఐదేళ్ల మద్దతు ఉంటే, దాని పిల్ల వెర్షన్లకు మూడేళ్లే. లుబుంటు 24.04 గడువు 2027 ఏప్రిల్‌తో తీరిపోతుంది. పల్లెలో ఉన్న నాన్నకు పెట్టిచ్చి ఊరెళ్లిపోయే కొడుక్కి ఆ రెండేళ్ల తేడా పెద్దది. పైగా ఉబుంటు కుటుంబంలో ఫైర్‌ఫాక్స్, తన సామానంతా వెంట తెచ్చుకునే స్నాప్ ప్యాకేజీగా వస్తుంది. పాత హార్డ్ డిస్క్ మీద అది మొదటిసారి తెరుచుకునే తీరు ఓపికకు పరీక్ష.

2 జీబీ దగ్గర నా ఓటు డెబియన్‌కు. డెబియన్ 13వ వెర్షన్ 2025 ఆగస్టు 9న వచ్చింది, దీర్ఘకాల మద్దతు కలుపుకుంటే 2030 జూన్ దాకా బతుకుతుంది. ఎక్కించేటప్పుడే డెస్క్‌టాప్ ఏది కావాలో అడుగుతుంది. గ్నోమ్ దగ్గర టిక్ తీసేసి ఎల్ఎక్స్‌క్యూటీ దగ్గర పెట్టండి. డెబియన్ అంటే వైఫై రాదని పాత అనుభవం ఉన్నవాళ్లకు ఒక మంచి కబురు. డెబియన్ 12 నుంచి వైఫై చిప్‌లకు కావలసిన ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లోనే కలిపి ఇస్తున్నారు. 2022లో ఆ సంస్థ సభ్యులు ఓటేసి తీసుకున్న నిర్ణయం అది.

2 జీబీ యంత్రాల్లో ఇంకో రకం ఉంది, చౌకగా అమ్ముడైన 32 జీబీ ఈఎంఎంసీ ల్యాప్‌టాప్‌లు. ర్యామూ, స్టోరేజీ రెండూ బోర్డుకే అతికించి ఉంటాయి, మార్చడానికి వీల్లేదు. 32 జీబీ అని రాసినా ఓఎస్ లెక్కలో అది 29.8. విండోస్ 10 పెద్ద అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ చోటు లేక ఆగిపోయేది వీటిలోనే. డెబియన్ ఎల్ఎక్స్‌క్యూటీతో కలిపి ఐదారు జీబీల్లో సర్దుకుంటుంది, ఇరవై జీబీలకు పైగా మీకు మిగులుతుంది. ఫ్లాట్‌ప్యాక్, స్నాప్ పద్ధతుల్లో ప్రోగ్రామ్‌లు ఎక్కించకండి. చిన్న ప్రోగ్రామ్‌కు కూడా వందల ఎంబీల సామాను వెంట వస్తుంది. ఈ కోవలోనే ఆటమ్ జడ్3735ఎఫ్ ఉన్నవి కొన్నిటికి విచిత్రమైన చిక్కు ఉంది. ప్రాసెసర్ 64-బిట్, ఫర్మ్‌వేర్ 32-బిట్. మామూలు 64-బిట్ పెన్‌డ్రైవ్ బూట్ అవ్వదు, జనం యంత్రమే పోయిందనుకుంటారు. దీన్ని పట్టించుకుని ఇన్‌స్టాలర్ తయారుచేసిన వాటిలో డెబియన్ ఒకటి.

1 జీబీ అయితే యాంటీఎక్స్. పప్పీ లైనక్స్ కూడా ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన బారీ కౌలర్ 2003లో మొదలుపెట్టినది, మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది. పాడైన డిస్క్ నుంచి ఫైళ్లు బయటికి తీయడానికి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోవడానికి దాన్ని మించింది లేదు. రోజువారీ వాడకానికి యాంటీఎక్స్‌నే చెబుతాను, దాని కింద ఉన్నది డెబియనే కాబట్టి ప్యాకేజీలకూ అప్‌డేట్లకూ లోటుండదు. టైనీకోర్ మొత్తం పాతిక ఎంబీ లోపే. అది చదువుకునేవాళ్లకు అద్భుతం, ఇంట్లో బ్రౌజర్ తెరవాలనుకునేవాళ్లకు కాదు. ఎందుకంటే ఆ పాతిక ఎంబీ మీద మీరు ఎక్కించే ఫైర్‌ఫాక్స్ ఎక్కడైనా అదే ఫైర్‌ఫాక్స్, అదే 400 ఎంబీ.

పని మొత్తం బ్రౌజర్‌లోనే అయ్యేవాళ్లకు గూగుల్ ఇచ్చే క్రోమ్ఓఎస్ ఫ్లెక్స్ ఒక దారి. 4 జీబీ ర్యామ్, 16 జీబీ డిస్క్, 64-బిట్ ప్రాసెసర్ కావాలి. ఏ మోడల్‌కు ఏ ఏడాది దాకా మద్దతో గూగుల్ జాబితాలో ముందే చూసుకోవాలి. ఆండ్రాయిడ్ యాప్‌లు అందులో రావు.

అనధికారికంగా కత్తిరించి అమ్మే ‘లైట్’ విండోస్‌ల జోలికి మాత్రం పోవద్దు. ఎవరో తెలియని మనిషి తీసేసినవేమిటో, కలిపినవేమిటో తెలియని ఓఎస్‌లో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టడం నేను ఎవరికీ చెప్పలేను.

32-బిట్‌కు మిగిలిన రోజులు

ఎన్270 లాంటి నిజమైన 32-బిట్ యంత్రం ఉన్నవాళ్లకు గడువు దగ్గరపడింది. క్రోమ్ 2016లోనే 32-బిట్ లైనక్స్‌ను వదిలేసింది. డెబియన్ 13లో 32-బిట్ పీసీలకు ఇన్‌స్టాలరూ లేదు, కెర్నలూ లేదు. ఉబుంటుకు బదులు డెబియన్ మీద కట్టిన మింట్ డెబియన్ ఎడిషన్ కూడా 7వ వెర్షన్‌తో 32-బిట్‌ను వదిలేసింది. ఫైర్‌ఫాక్స్ 32-బిట్ లైనక్స్‌లో 144తో ఆగింది, 145 నుంచి లేదు. మిగిలింది డెబియన్ 12, దాని ఆధారంగా వచ్చిన యాంటీఎక్స్ 23. డెబియన్ 12 దీర్ఘకాల మద్దతు 2028 జూన్ 30తో ముగుస్తుంది.

కాబట్టి అలాంటి యంత్రాన్ని డబ్బు లావాదేవీలకు వాడకండి. దానికి వేరే మంచి పనులున్నాయి. నెట్‌తో పనిలేకుండా రాసుకోవడానికి, పాటలు వినడానికి, పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి అది ఇంకా నిక్షేపంగా పనికొస్తుంది.

కుదింపు

ర్యామ్ పెంచే వీల్లేని 2 జీబీ యంత్రానికి ఒక ఉపాయం ఉంది, జెడ్‌ర్యామ్. 2014 నుంచి లైనక్స్ కెర్నల్‌లో పక్కాగా ఉంది. ఫెడోరా 2020లో విడుదలైన 33వ వెర్షన్ నుంచి దాన్ని మామూలుగానే ఆన్ చేసి ఇస్తోంది. చోటు చాలనప్పుడు పేజీలను డిస్క్‌కు పంపే బదులు కుదించి ర్యామ్‌లోనే ఉంచుతుంది. 1 జీబీ సమాచారం మూడో వంతుకు కుదిస్తే 340 ఎంబీలో సర్దుకుంటుంది, 660 ఎంబీ కలిసొస్తుంది. సగానికే కుదిస్తే 500 ఎంబీ. కుదించడానికి, విప్పడానికి ప్రాసెసర్ కాస్త కష్టపడాలి. అయినా 5400 చుట్ల డిస్క్ దాకా వెళ్లి రావడంతో పోలిస్తే ఆ కష్టం లెక్కలోకి రాదు. డెబియన్‌లో ‘జెడ్‌ర్యామ్-టూల్స్’ ప్యాకేజీ ఎక్కించి, దాని సెట్టింగ్ ఫైలులో ర్యామ్‌లో ఎంత శాతం అన్నది 50గా పెట్టి రీస్టార్ట్ చేస్తే చాలు.

బ్రౌజర్‌లో ప్రకటనలు ఆపే యుబ్లాక్ ఆరిజిన్ కూడా ఈ కోవలోదే. పాత యంత్రం మీద దాని మేలు ఏ ఓఎస్ మార్పుకూ తీసిపోదు.

యూట్యూబ్ ఎందుకు తడబడుతుంది

పాత ల్యాప్‌టాప్‌ల తెర ఎక్కువగా 1366 గుణించు 768. మొత్తం 10,49,088 చుక్కలు. 1080పీ వీడియోలో 20,73,600 చుక్కలుంటాయి. అంటే ప్రాసెసర్ చెమటోడ్చి విప్పిన ప్రతి ఫ్రేములో దాదాపు సగం తెర మీద చూపించడానికి చోటే లేదు. 720పీ అయితే 9,21,600. పని 44 శాతానికి తగ్గుతుంది, కంటికి తేడా దాదాపు కనిపించదు. క్వాలిటీ 720పీలో పెట్టడం పైసా ఖర్చులేని వైద్యం.

తడబాటుకు రెండో కారణం కోడెక్, అంటే వీడియోను కుదించే పద్ధతి. యూట్యూబ్ వీడియోలను వీపీ9, ఏవీ1 పద్ధతుల్లో పంపడానికి ఇష్టపడుతుంది. ఇంటెల్ చిప్‌లు వీపీ9ని పూర్తిగా హార్డ్‌వేర్‌లోనే విప్పడం 7వ తరంతో మొదలైంది. అంతకు ముందువి హెచ్.264ని మాత్రం సునాయాసంగా విప్పుతాయి, 2011 నాటి 2వ తరం కూడా. ‘హెచ్264ఇఫై’ అనే చిన్న ఎక్స్‌టెన్షన్ పెడితే యూట్యూబ్ హెచ్.264నే పంపుతుంది. ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న లైనక్స్ యంత్రాల్లో ఫైర్‌ఫాక్స్ 115 నుంచి హార్డ్‌వేర్ డీకోడింగ్ దానంతటదే ఆన్ అయి ఉంటుంది. ఫ్యాన్ రొద తగ్గడం చెవులతోనే తెలుస్తుంది.

తెలుగు, టాలీ, పెన్‌డ్రైవ్

మింట్‌లో తెలుగు చదవడానికి ఏమీ చేయనక్కర్లేదు. డెబియన్‌ను, యాంటీఎక్స్‌ను బాగా కుదించి ఎక్కిస్తే మాత్రం అక్షరాల బదులు డబ్బాలు కనిపించవచ్చు. ‘ఫాంట్స్-తెలు’ ప్యాకేజీ ఎక్కిస్తే సరిపోతుంది. ‘ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా’లో పోతన, వేమన ఖతులు వస్తాయి. టైపింగ్‌కు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అన్నిటిలో ఉంటుంది. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే అలవాటున్నవాళ్లు ఐబస్, ఎం17ఎన్ కలిపి ఎక్కిస్తే ఆర్‌టీఎస్ పద్ధతి దొరుకుతుంది. మెనూలన్నీ తెలుగులో ఉండే లైనక్స్ కోసం హైదరాబాద్‌లోని స్వేచ్ఛ బృందం ఏళ్లుగా పనిచేస్తోంది, దాని పునాది కూడా డెబియనే.

మారకూడనివాళ్లు కూడా ఉన్నారు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు కొట్టే డీటీపీ ఆపరేటర్ పని అంతా విండోస్‌కే ముడిపడి ఉంది. టాలీతో లెక్కలు రాసేవాళ్లదీ అంతే. వేలిముద్ర యంత్రాలు, డిజిటల్ సంతకం టోకెన్లు వాడేవాళ్లు తమ పరికరానికి లైనక్స్ డ్రైవర్ ఉందో లేదో అమ్మినవాళ్లను ముందే అడగాలి. ఇలాంటివాళ్లకు నా సలహా, ఆ విండోస్ యంత్రాన్ని నెట్ తీసేసి పనికి మాత్రమే ఉంచి, నెట్ పనులకు లైనక్స్ ఉన్న ఇంకో పాత యంత్రం పెట్టుకోవడం.

మిగతావాళ్లు ఏదీ చెరపకుండానే పరీక్షించవచ్చు. ఒక పెన్‌డ్రైవ్‌లోకి వెంటాయ్ అనే ప్రోగ్రామ్ ఎక్కించి, మింట్, డెబియన్ లైవ్, యాంటీఎక్స్ ఐఎస్ఓ ఫైళ్లను మామూలు కాపీ చేసినట్టే అందులో వేయండి. బూట్ చేసినప్పుడు ఏది కావాలో అడుగుతుంది. వేగం మాత్రం దీన్నిబట్టి అంచనా వేయకండి. యూఎస్‌బీ 2.0 కాగితం మీదే సెకనుకు 60 ఎంబీ, చేతికొచ్చేది అందులో సగం. చూడాల్సినవి వేరు. వైఫై కలుస్తోందా. స్పీకర్‌లో, హెడ్‌ఫోన్‌లో శబ్దం వస్తోందా. తెర వెలుగు మీటలు పనిచేస్తున్నాయా. టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లతో పేజీ జరుగుతోందా. చివరగా మూత వేసి రెండు నిమిషాలాగి తెరవండి. పాత యంత్రాల్లో ఎక్కువగా మొరాయించేది అక్కడే. తెర వెలిగి, వైఫై మళ్లీ కలిసిందంటే ఫైళ్లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకుని ఇన్‌స్టాల్ మీద నొక్కవచ్చు. తెర నల్లగానే ఉండిపోతే పెన్‌డ్రైవ్ తీయకుండానే రీస్టార్ట్ చేసి, జాబితాలో రెండోది ప్రయత్నించండి. కెర్నల్ వెర్షన్ మారితే అది సర్దుకునే అవకాశం ఉంది.